ఆరో బద్ద దగ్గర ఆగిన ఓడ

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. 1:64 స్కేలులో, అంటే అసలు ఓడలో అరవైనాలుగో వంతుగా, బ్లూనోజ్ అనే స్కూనర్ (తెరచాప ఓడ) చెక్క నమూనా కిట్, పైన రెండు పొరల బద్దలు. వెన్నుపలకకి, అంటే ఓడ పొడవునా నిలబడే మధ్యపలకకి, పక్కటెముకలన్నీ (అడ్డపలకలు) అతికించారు. డెక్ అంచు నుంచి కిందికి రెండు వైపులా ఐదేసి బద్దలు వేశారు. ఆరోది ముక్కు దగ్గరికి వచ్చేసరికి ఐదోదాని మీదికి ఎక్కుతోంది, పిన్ను కొట్టి నొక్కితే రెండో అంచు పైకి లేస్తోంది. కిట్‌తో వచ్చిన పుస్తకంలో "అవసరాన్ని బట్టి సన్నం చేసుకోండి" అని ఒక్క ముక్కే ఉంది. ఇలాగే వేసుకుంటూ పోయి చివర్లో పుట్టీతో పూడ్చేయొచ్చా, లేక పీకాలా అన్నది మీ ప్రశ్న. తాళ్ళ పని తలచుకుంటే భయంగా ఉందని కూడా అన్నారు.

పీకండి. ఐదూ అక్కర్లేదు, రెండు వైపులా కింది మూడేసి పీకితే చాలు. పై రెండూ డెక్ వంపు వెంటే నడుస్తాయి కాబట్టి నిండు వెడల్పుతో ఉన్నా నష్టం లేదు. ఇందులో మీ చేతి తప్పు ఏమీ లేదు. పుస్తకం చెప్పాల్సిన లెక్క చెప్పలేదు, అంతే.

ఆ లెక్క చెప్తాను. సన్నటి కాగితపు పట్టీ ఒకటి తీసుకుని మధ్య పక్కటెముక (కిట్‌లో బల్క్‌హెడ్ అని ఉంటుంది) మీద డెక్ అంచు నుంచి కీల్ (ఓడ అడుగున పొడవునా ఉండే దూలం) దాకా ఒంపు వెంట పరిచి కొలవండి. 95 మిల్లీమీటర్లు వచ్చిందనుకుందాం. 5 మి.మీ. బద్దలు పంతొమ్మిది పడతాయి. ఇప్పుడు ముక్కు దగ్గరి మొదటి పక్కటెముక కొలవండి. అక్కడ 57 వచ్చిందనుకుందాం. ఆ పంతొమ్మిదే అక్కడా సర్దుకోవాలి, అంటే ఒక్కొక్కటి 3 మి.మీ.కి తగ్గాలి. మీరు 5 మి.మీ. బద్దని అలాగే ముక్కు దాకా తీసుకెళ్ళారు. ఒక్కోదానికి 2 మి.మీ. చొప్పున ఐదు బద్దలు కలిసి ఒక సెంటీమీటరు జాగా అదనంగా తినేశాయి. ఆరోదానికి మిగిలిన చోటు లేదు, అందుకే పైకెక్కింది.

అంచు ఎందుకు లేస్తుందో కూడా తెలుసుకోండి, ఎందుకంటే ఇదే ఈ పని మొత్తానికి మూలం. ఒక కాగితపు పట్టీని కుండ మీద చుట్టి చూడండి. దానంతట దాన్ని వదిలేస్తే ఒక దారిలో నున్నగా పడుకుంటుంది. ఆ దారి నుంచి పక్కకి లాగితే ఒక అంచు ముడతలు పడుతుంది, రెండోది బిగుసుకుంటుంది. చెక్కకి ముడతలు పడడం చేతకాదు. అది అంచెత్తి నిలబడుతుంది. బద్దని పలుచటి వైపు వంచడం తేలిక, వెడల్పు వైపు వంచడం చాలా కష్టం. నిజం ఓడల్లో ఈ బాధ ఉండేది కాదు. వడ్రంగులు వెడల్పాటి పలక మీద వంపు గీసుకుని ఆ ఆకారానికే కోసుకునేవారు. మనకి కిట్‌లో తిన్నటి బద్దలు ఇస్తారు కాబట్టి ఆ వంపుని మనమే పుట్టించాలి.

మీ అదృష్టం కొద్దీ ఎంచుకున్న ఓడ మంచిది. బ్లూనోజ్ కెనడాలోని నోవా స్కోషియా రాష్ట్రం లూనెన్‌బర్గ్‌లో 1921 మార్చిలో నీటిలోకి దిగింది. గ్రాండ్ బ్యాంక్స్ అనే అట్లాంటిక్ సముద్రపు మెరకల్లో చేపలు పట్టడానికీ, పందేలు గెలవడానికీ కట్టిన ఓడ. వేగం కోసం కట్టినది కనుక ముక్కు కత్తిలా సన్నం. అదే కెప్టెన్ కుక్ వెళ్ళిన ఎండెవర్ అయితే మొదట బొగ్గు మోయడానికి కట్టిన ఓడ, ముక్కు ఉబ్బిన బుగ్గల్లా ఉంటుంది. దాని మీద బద్ద ఒక్క అంగుళంలో దాదాపు లంబకోణం తిరగాలి. మీకు ఆ బాధ లేదు. మీ కష్టమంతా వెడల్పు లెక్కలో ఉంది, ఇంకొంత వెనకవైపు ఉంది, దాని సంగతి తర్వాత.

పీకడం ఇలా. తెల్ల జిగురు, అంటే పీవీఏ, వాడి ఉంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ని కుంచెతో అతుకు మీద రాసి పావుగంట ఆగండి, మళ్ళీ రాయండి. జిగురు మెత్తబడి రబ్బరులా అవుతుంది. పలుచటి బ్లేడు దూర్చి మెల్లగా నడిపిస్తే బద్ద విరగకుండా వస్తుంది. సూపర్ గ్లూ వాడి ఉంటే అసిటోన్ కావాలి, కిటికీలు తెరిచి, మంట దగ్గర లేకుండా చూసుకోండి. ఆల్కహాల్‌కీ అదే జాగ్రత్త. ఊడిన చోట మిగిలిన జిగురు చర్మాన్ని శుభ్రంగా గీకేయాలి. ఎండిన పాత జిగురు మీద కొత్త జిగురు సరిగ్గా పట్టదు.

ఎలాగూ పీకుతున్నారు కాబట్టి పక్కటెముకల అంచుల్ని ఒకసారి పరీక్షించండి. చాలామంది హడావుడిగా దాటేసే దశ ఇదే. లేజర్‌తో కోసిన పక్కటెముక అంచు చదరంగా, నల్లగా కాలి ఉంటుంది. ఓడ ముక్కు వైపు సన్నబడుతుంది కాబట్టి ఆ అంచు కూడా ఏటవాలుగా ఉండాలి, అప్పుడే బద్ద అంచు మందం అంతటా ఆనుతుంది. చదరంగా వదిలేస్తే బద్ద ఒక్క మూల మీదే నిలబడుతుంది. మిగిలిన బద్దల్లోంచి ఒక పొడవాటిది తీసుకుని కనీసం మూడు నాలుగు పక్కటెముకల మీద వేసి, చేత్తో మృదువుగా ఆనించి, వెనక నుంచి టార్చి వెలుగు వేయండి. వెలుతురు కనపడిన చోట బద్ద ఆనడం లేదు. ఎత్తుగా ఉన్నదాన్ని రుద్దాలి, లోతుగా ఉన్నదాని మీద పలుచటి చెక్కపేడు అతికించి మళ్ళీ రుద్దాలి. శాండ్‌పేపర్‌ని చేతివేళ్ళతో పట్టుకుంటే అంచు గుండ్రబడుతుంది, కనుక పొడవాటి చెక్కకి అతికించి, ఒకేసారి రెండు మూడు పక్కటెముకల మీదుగా నడపండి. ముక్కు దగ్గరి రెండు మూడింటికి మీరు అనుకున్నదానికంటే ఎక్కువే తీయాల్సి వస్తుంది. ఆ కాలిన నలుపు పూర్తిగా పోవాలి, దాని మీద జిగురు బలంగా పట్టదు.

వెన్నుపలక వంకర పోయిందేమో కూడా చూడండి. ఓడని తిరగేసి కీల్ వెంట ఒక కన్ను మూసి చూస్తే తెలిసిపోతుంది. కొద్దిపాటి వంకర ఉంటే పక్కటెముకల మధ్య ఖాళీల్లో కచ్చితంగా కోసిన చెక్కదిమ్మలు అతికించి సరిచేయొచ్చు. ముక్కు దగ్గరి మొదటి ఖాళీని ఎలాగైనా దిమ్మతో పూడ్చి ఆకారానికి రుద్దుకోండి. బద్దల కొసలు పట్టుకోవడానికి అక్కడ చోటు దొరుకుతుంది.

ఇక పంపకం. పైన రెండు బద్దలు నిండు వెడల్పుతో ఉండిపోయాయి కాబట్టి, నా ఉదాహరణ లెక్క ప్రకారం, మధ్యలో 85 మి.మీ., ముక్కు దగ్గర 47 మి.మీ. మిగిలాయి. ఇంకా వేయాల్సినవి పదిహేడు. ముక్కు దగ్గర ఒక్కొక్కటి 2.8 మి.మీ. దాకా రావాలి. బద్దని దాని వెడల్పులో సగానికంటే సన్నం చేయకూడదన్నది పాత నియమం. సగం అంటే 2.5, మనం ఇవతలే ఉన్నాం. లెక్క 2.5 కంటే తగ్గితే రెండు బద్దల్ని ఒకటిగా ముగించే పద్ధతి ఉంది కానీ మీకు ఆ అవసరం రాకపోవచ్చు.

ప్రతి పక్కటెముక మీదా ఈ పంపకం గుర్తు పెట్టుకోవడానికి కాలిక్యులేటర్ కంటే మంచి ఉపాయం విసనకర్ర గీతలు. ఒక పెద్ద కాగితం మీద ఒకే బిందువు నుంచి పద్దెనిమిది గీతలు సమాన కోణాలతో, బాగా దగ్గరదగ్గరగా, దూరం దాకా గీయండి. మధ్యలో పదిహేడు ఖాళీలు వస్తాయి. పక్కటెముక మీద మిగిలిన పొడవుకి కాగితపు పట్టీ కత్తిరించి, దాని రెండు కొసలూ మొదటి, చివరి గీతల్ని తాకేదాకా జరపండి. మధ్య గీతలు పట్టీని దాటే చోట గుర్తులు పెట్టండి. ఆ పట్టీని మళ్ళీ పక్కటెముక మీద పెట్టి గుర్తుల్ని పెన్సిల్‌తో దించండి. ఒక సాయంత్రం పని. అయ్యేసరికి ప్రతి బద్ద ఎక్కడ నడవాలో ఓడే మీకు చెప్తుంది. పదిహేడింటిని ఆరు, ఆరు, ఐదుగా మూడు గుంపులు చేసి, గుంపుల సరిహద్దుల వెంట దారం కట్టి దూరం నుంచి చూడండి. దారం ఎక్కడా గుటక వేసినట్టు కుంగకుండా ముక్కు నుంచి వెనక్కి సాఫీగా పారాలి. కుంగితే గుర్తుల్నే దిద్దండి, మీ కన్ను స్కేలుబద్ద కంటే నమ్మదగినది.

 స్కేలుబద్ద అంకె చెప్తుంది, వంపు చెప్పదు.

ఇప్పుడు ఒక్క బద్దని దగ్గర నుంచి చూద్దాం. ఇక అది ఆరోది కాదు, పీకాక మూడోది అవుతుంది. బద్దని ఓడ మీద ఆనించి ప్రతి పక్కటెముక దగ్గరా వెడల్పు గుర్తు పెట్టుకోండి. ఉక్కు స్కేలు పెట్టి కొత్త బ్లేడుతో గీత బయట కోసి, మిగిలింది చిన్న చిత్రికతోనో శాండ్‌పేపర్ దిమ్మతోనో తీయండి. ఎడమవైపుకీ కుడివైపుకీ జంటగా, రెండు బద్దలు కలిపి పట్టుకుని ఒకేసారి చేస్తే రెండూ ఒకే కొలతకి వస్తాయి. సన్నం చేసే అంచు ఎప్పుడూ ఒకటే ఉండాలి, అతికిన బద్దకి ఆనే పై అంచు. తర్వాత ముక్కు వైపు సగం బద్దని వేడినీళ్ళలో అరగంట నానబెట్టండి. చెక్క నారల్ని కలిపి పట్టుకునే లిగ్నిన్ వేడికి మెత్తబడుతుంది. నీళ్ళు దానికి తోడ్పడతాయి, అసలు వంచేది వేడి. తీసి, తడి తుడిచి, ఒక చెక్క బల్ల మీద అంచుల పక్కన రెండు మూడు పిన్నులు గుచ్చి వెడల్పు వైపు కావలసినంత ఒంపు ఇచ్చి బిగించండి. హెయిర్ డ్రయ్యర్‌తో రెండు మూడు నిమిషాలు వేడిగాలి కొట్టండి, చల్లారేదాకా ముట్టుకోవద్దు. తీస్తే ఆ ఒంపు కొంత వెనక్కి వెళ్ళినా చాలావరకు నిలబడుతుంది. దాన్ని ఓడ మీద పెట్టండి. చూపుడువేలితో ఒకే చోట మెత్తగా నొక్కితే పొడవంతా పక్కటెముకలకి ఆనుకుని, పై బద్దకి అంచు అంచు కలిపి పడుకోవాలి. పడుకోకపోతే ఎక్కడ ఎత్తుగా ఉందో చూసి మళ్ళీ వంచాలి. జిగురు ఇంకా డబ్బాలోనే ఉండాలి. జిగురు ఉన్నది పట్టి ఉంచడానికి. వంచే పని దానికి అప్పజెప్తే ఏదో ఒకరోజు వదిలేస్తుంది.

బద్ద కుదిరాక దాన్ని అక్కడే క్లిప్పులతో పట్టించి రాత్రంతా ఆరనివ్వండి. జిగురు మర్నాడు. ఈ ఒక్కరాత్రి ఆగకపోవడం వల్ల నా మొదటి ఓడ పాడైంది. తడి చెక్క అడ్డంగా ఉబ్బుతుంది. నేను నానబెట్టిన బద్దల్ని ఆ పూటే అతికించేశాను, అతుకులు వెంట్రుక దూరనంత బిగుతుగా కనిపించాయి. రుద్దాను, రంగు వేశాను. గాలి పొడిబారిన నెలలు వచ్చేసరికి ప్రతి అతుకూ సన్నటి గీతలా విచ్చుకుంది, బలవంతంగా పిన్నులతో నొక్కి ఉంచిన మూడు బద్దలు ముక్కు దగ్గర ఊడి ముందుకి వచ్చాయి. ఎనిమిది నెలల పని. ఆ ఓడని ఇప్పటికీ దాచుకున్నాను, కొత్తగా నేర్చుకునేవాళ్ళకి ఆ అతుకులు వేలితో తడిమి చూడమని ఇస్తాను.

ఎడమవైపు ఒకటి వేస్తే కుడివైపు ఒకటి వేయండి. ఒకవైపే వేసుకుంటూ పోతే ఆ బిగువుకి వెన్నుపలక వంగిపోతుంది, ఇది మళ్ళీ సరిచేయలేని వంకర. పై నుంచి ఐదారు అయ్యాక కింది నుంచి కూడా మొదలుపెట్టండి. కీల్‌ని ఆనుకుని ఉండే బద్దని గార్‌బోర్డ్ అంటారు. దాని ముందు కొసని ముక్కు కర్ర మీదికి ఎగబాకనివ్వకండి, అందరూ చేసే పొరపాటు ఇది. అది పైకెక్కితే దాని మీద వచ్చే ప్రతి బద్దా ముక్కు దగ్గర నెట్టుకుంటూ వస్తుంది. కీల్ ఎక్కడ పైకి వంగడం మొదలుపెడుతుందో దాదాపు అక్కడికే ఆగిపోవాలి. పైనుంచీ కిందనుంచీ వచ్చిన బద్దలు పొట్ట మలుపు దగ్గర కలుస్తాయి. చివరి బద్దని ఖాళీ ఆకారానికి కాగితం మీద అచ్చు తీసుకుని కోసుకోవాలి.

వెనకభాగంలో వ్యవహారం తలకిందులు. అక్కడ కొలిస్తే 95కి బదులు 104 వచ్చిందనుకోండి, తొమ్మిది మి.మీ. ఎక్కువ. బద్దల్ని వెడల్పు చేయలేం కనుక వాటి మధ్య సహజంగా విచ్చుకున్న చోట కోసుగా ఉండే చీలికముక్కలు దూర్చాలి. మీకు రెండు పట్టవచ్చు. ఖాళీని బలవంతంగా మూయడానికి బద్దల్ని లాగకండి, అవి పోయిన దారిన పోనిచ్చి మిగిలిన సందుకి ముక్క కోసుకోండి. స్కూనర్ వెనక బద్ద మెలి కూడా తిరుగుతుంది, చుక్కాని స్తంభం దగ్గర నిలువుగా ఉండేది కౌంటర్ (ఓడ వెనక బయటికి పొడుచుకొచ్చే భాగం) కిందికి వచ్చేసరికి దాదాపు పడుకుంటుంది. తడిపి, ఒక కొసని బిగించి, రెండో కొసని మెలితిప్పి పట్టుకుని వేడి ఇస్తే ఆ మెలి నిలబడుతుంది.

పుట్టీ గురించి అడిగారు. మొదటి పొరకి పుట్టీ తప్పు కాదు, నేనూ వాడతాను. మొదటి పొర పని రెండో పొరకి నున్నటి ఒంపు ఇవ్వడమే. కానీ పుట్టీ గుంటల్ని నింపుతుంది, అంచెత్తిన బద్దల్ని కిందికి దించదు. మీది రంగు వేసే ఓడ, పై భాగం నలుపు. రంగు కింద అన్నీ దాగిపోతాయని అనిపిస్తుంది. చెక్క రంగులోని తేడాలు దాగుతాయి, ఒంపులోని తేడాలు మరింత బయటపడతాయి. నల్లరంగు మీద వెలుతురు జారే చోట ప్రతి గతుకూ కనపడుతుంది. రెండో పొర వేసేముందు ఓడని కళ్ళు మూసుకుని రెండు అరచేతులతో ముక్కు నుంచి వెనక్కి తడమండి. చూపు దాటేసినదాన్ని అరచెయ్యి పట్టుకుంటుంది.

రెండో పొరకి సూపర్ గ్లూ కంటే పీవీఏ మంచిది. సూపర్ గ్లూ బయటికి కారిన చోట చెక్క రంధ్రాలు మూసుకుపోయి వార్నిష్ ఇంకదు, మచ్చలా మిగిలిపోతుంది.

డెక్‌కి వస్తే అక్కడ అందరూ చేసే తప్పు స్కేలు మరిచిపోవడం. 1:64లో ఆరంగుళాల వెడల్పు పలక 2.4 మి.మీ. అవుతుంది, ఇరవైనాలుగు అడుగుల పలక 114 మి.మీ. అవుతుంది. ముక్కు నుంచి వెనకదాకా ఒకే బద్ద వేసేస్తే అంత పొడవు చెట్టు ఎక్కడుంది అన్నట్టుంటుంది. 114కి కోసి, పక్కపక్క పలకల అతుకులు ఒకే చోట పడకుండా, ఒకే దూలం మీద పడే రెండు అతుకుల మధ్య కనీసం మూడు పలకలు ఉండేలా మార్చుకుంటూ వేయండి. పలకల మధ్య సందుల్లో నార కూరి పైన తారు పోసేవారు. ఆ నల్లగీత పావంగుళం ఉంటే మన స్కేలులో 0.1 మి.మీ. మాత్రమే. కాబట్టి నల్ల మార్కర్ వద్దు, అది చెక్కలోకి పాకుతుంది. పలక ఒక అంచుకి మెత్తటి పెన్సిల్ రాస్తే సరిపోతుంది. మేకు గుర్తుల సంగతీ అంతే. అంగుళంపావు చెక్కమేకు 0.5 మి.మీ. చుక్క అవుతుంది. అంతకంటే పెద్దది పెడితే డెక్ మీద మూతలు పరిచినట్టుంటుంది, పెట్టకపోతే ఎవరూ అడగరు.

డెక్ మీద సామాన్లు పెట్టేముందు మీ కిట్ ఏ ఓడదో తేల్చుకోండి. అసలు బ్లూనోజ్ 1946లో హైతీ తీరంలో దిబ్బకి తగిలి మునిగింది. 1963లో అదే లూనెన్‌బర్గ్‌లో బ్లూనోజ్ 2 కట్టారు. ఒడ్డూ పొడుగూ ఒకటే అయినా రెండోది చేపల ఓడ కాదు, డెక్ మీది గదులు వేరు. చాలా పెట్టెల మీద పేరు ఒకటి, లోపలి బొమ్మ ఇంకొకటి. చేపల పడవలు డోరీలు డెక్ మీద దొంతరగా ఉంటే మీది మొదటిది.

తెరచాప కొయ్యలకి కిట్‌లో గుండ్రటి కర్ర ఇస్తారు, వంకరగా ఉంటే వాడకండి. చదరపు కర్ర తీసుకుని ప్రతి ముఖాన్నీ 7:10:7 పాళ్ళలో గీసుకుని మూలలు చిత్రిక పడితే ఎనిమిది పలకల కర్ర వస్తుంది, దాన్ని పదహారు పలకలు చేసి రుద్దితే గుండ్రం అవుతుంది. పైకి పోయేకొద్దీ సన్నబడే చదరపు కర్రకి కూడా ఇదే పాళ్ళు పనిచేస్తాయి.

తాళ్ళ పనికి భయపడ్డారు. అది బద్దల పని కంటే కష్టం కాదు. ఒక్కో ముడి సులువే, చేయాల్సినవి వందల్లో ఉంటాయి. లెక్కకి రెండు కొయ్యలు, ఒక్కోదానికి రెండు వైపులా నాలుగేసి ష్రౌడ్లు, అంటే కొయ్యని పక్కలకి లాగి పట్టే తాళ్ళు, వాటి మీద ఇరవై ఐదేసి మెట్లు అనుకుంటే నాలుగు వందల ముడులు. రోజుకి నాలుగైదు మెట్ల చొప్పున వేసుకుంటే మూడో రోజుకి చేతికి అలవాటవుతుంది. ఒకే కూర్చున్నపాటున పూర్తిచేయాలని కూర్చుంటే నూరో ముడి తర్వాత అన్నీ వదులుగా పడతాయి.

కిట్‌లో వచ్చే నూలుదారం నూగుగా ఉంటే దాన్ని వదిలేసి మంచి పాలియెస్టర్ దారం తీసుకోండి. ఓడ అందం సగం ఆ దారంలో ఉంది. కదలకుండా కొయ్యని నిలబెట్టే తాళ్ళు ముదురు రంగు, ఆ కాలపు స్కూనర్లలో అవి ఉక్కుతీగలు. తెరచాపని లాగే, దించే తాళ్ళు లేత గోధుమరంగు. ఈ ఒక్క తేడా పాటించినా ఓడ నిజంలా కనపడుతుంది. ష్రౌడ్ కింద కొసకి మూడు కన్నాల చెక్కబిళ్ళ, డెడ్‌ఐ, కడతారు. పైబిళ్ళలన్నీ ఒకే వరసలో నిలబడాలంటే కొలిచి కట్టడం కుదరదు. గట్టి తీగని రెండు కొసలూ వంచి చిన్న కొక్కెంలా చేసుకోండి. ఒక కొస కింది బిళ్ళ కన్నంలో, రెండో కొస పైబిళ్ళ కన్నంలో పెట్టి దారం బిగించి కట్టండి. అన్నింటికీ అదే తీగ కాబట్టి అన్నీ ఒకే ఎత్తులో వస్తాయి.

మెట్లకి, అంటే ర్యాట్‌లైన్లకి, 5 నుంచి 6 మి.మీ. ఎడం చాలు. కార్డు మీద ఆ ఎడంతో గీతలు గీసి ష్రౌడ్ల వెనక నిలబెట్టండి. ముడి క్లోవ్ హిచ్: దారాన్ని తాడు ముందు నుంచి ఒక చుట్టు తిప్పి, తన మీదుగా దాటించి, రెండో చుట్టు తిప్పి, ఆ రెండో చుట్టు కిందనుంచే కొస బయటికి తీయడం. ట్వీజర్స్‌తో బిగించండి. బిగించేటప్పుడు అందరూ కొంచెం లాగుతారు, అప్పుడు ష్రౌడ్లు మధ్యలో నడుము సన్నబడినట్టు దగ్గరకి వచ్చేస్తాయి. అందుకని కింద నుంచి పైకి వరసగా వేయకండి. ముందు ప్రతి ఐదో మెట్టూ వేసి ష్రౌడ్ల ఎడం స్థిరపరచండి, తర్వాత మధ్యవి నింపండి. ప్రతి వరసకీ ఒకసారి లేచి ముందునుంచి చూడండి. ముడి మీద నీళ్ళు కలిపిన పీవీఏ చుక్క సూదిమొనతో పెట్టండి. సూపర్ గ్లూ పెడితే ఆ చోట దారం పెళుసై మెరుస్తుంది.

కప్పీలన్నింటినీ కొయ్యలూ బూములూ (తెరచాప కింది అంచుని పట్టే అడ్డకర్రలు) ఇంకా బల్ల మీద ఉన్నప్పుడే కట్టేయండి. నిలబెట్టాక ఆ తాళ్ళ మధ్యలోకి చేతులు దూరవు. క్రమం ఏమిటంటే లోపలి నుంచి బయటికి, కింది నుంచి పైకి. తెరచాపలు పెట్టాలా వద్దా అన్నది మీ ఇష్టం. ఈ స్కేలుకి మామూలు గుడ్డ దుప్పటిలా మందంగా కనపడుతుంది, నేను పెట్టను.

పనిముట్లకి ఎక్కువ అక్కర్లేదు. కొత్త బ్లేడులు, ఉక్కు స్కేలు, చేతిడ్రిల్లూ సన్నటి బిట్లూ, రెండు మంచి ట్వీజర్స్, పుష్కలంగా క్లిప్పులు, చిన్న చిత్రిక. బద్దల్ని వంచడానికని గాట్లు పెట్టే పట్టకారు ఒకటి అమ్ముతారు, అది కొనకండి. అది వంచదు, లోపలివైపు నారల్ని తెంపుతుంది. రుద్దేటప్పుడు మాస్కు తప్పనిసరి, వాల్‌నట్ పొడి గొంతుని బాగా మండిస్తుంది.

మొదటి ఓడగా ఇది ఎక్కువేమో అని కూడా మీరు అనుమానపడ్డారు. చిన్న డోరీ పడవ కిట్‌తో మొదలుపెట్టి ఉంటే ఈ బద్దల పాఠం పన్నెండు ముక్కల్లో వచ్చేది, నిజమే. కానీ మీరు మూడంచెల యుద్ధనౌక ఎత్తుకోలేదు. 1805 ట్రఫాల్గర్ నౌకాయుద్ధం నాటికి బ్రిటిష్ ఓడ విక్టరీ మీద 104 ఫిరంగులు ఉన్నాయి, వాటిలో కొన్ని డజన్లకి బండి, చక్రాలు, తాళ్ళు కట్టడం దగ్గర ఎంతో ఓపికమంతులు కూడా ఆగిపోవడం చూశాను. స్కూనర్‌లో అలాంటిది ఏదీ లేదు. అరవై ఎనిమిది సెంటీమీటర్ల పొట్ట, రెండు కొయ్యలు. మొదటి పొర బాగా వస్తే మిగతాది మీరు చేయగలరు.

కాబట్టి ఈ వారం జిగురు ముట్టుకోకుండా మూడేసి బద్దలు పీకి, అంచులు రుద్ది, పట్టీతో ప్రతి పక్కటెముకా కొలవండి. ముక్కు నుంచి వరసగా ఆ అంకెలన్నీ నాకు రాయండి, మీ బద్ద వెడల్పు కూడా. ఎక్కడ ఎంత సన్నం చేయాలో, వెనక చీలికముక్కలు ఎన్ని పడతాయో లెక్కేసి చెప్తాను.